కెనడాలో జాతి వివక్ష: విధానాలు మార్చేదెవరు, ఫిర్యాదు వినేదెవరు

కెనడాకు కొత్తగా వచ్చినవారు సిన్ నంబరు (ఉద్యోగానికి కావలసిన ప్రభుత్వ గుర్తింపు సంఖ్య), బ్యాంకు ఖాతా, హెల్త్ కార్డు వంటి పనులను తొలి వారాల్లోనే మొదలుపెడతారు గానీ, వివక్ష ఎదురైతే ఎవరికి చెప్పుకోవాలన్నది మాత్రం అవసరం మీద పడ్డాకే వెతుక్కుంటారు. ఈ దేశంలో వివక్షను ఎదుర్కొనే ప్రభుత్వ సంస్థలు చాలానే ఉన్నాయి. వాటిలో కొన్ని విధానాలను మార్చడానికి ఉన్నవి, మరికొన్ని వ్యక్తుల ఫిర్యాదులు వినడానికి ఉన్నవి. ఈ తేడా తెలియకపోవడం వల్లనే చాలామంది ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి తిరుగుతూ విలువైన కాలాన్ని పోగొట్టుకుంటారు.

ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం 2019లో మూడేళ్ల కాలానికి 4.5 కోట్ల డాలర్లతో జాతి వివక్ష వ్యతిరేక వ్యూహాన్ని ప్రకటించి, అందులో భాగంగా కెనడియన్ హెరిటేజ్ శాఖ కింద ఒక సచివాలయాన్ని ఏర్పాటు చేసింది. 2024లో వచ్చిన రెండో వ్యూహం 2028 వరకు ఉద్దేశించినది. దానికి 11 కోట్ల డాలర్లకు పైగా కేటాయించారు. ఈ సచివాలయానికి న్యాయస్థానం వంటి అధికారాలేమీ లేవు. ఉద్యోగాలు, న్యాయవ్యవస్థ, ఆరోగ్యం, వలసలు ఇలా వేర్వేరు శాఖలు చేపట్టే పనులను ఒక తాటి మీదికి తేవడం, ప్రావిన్సులతోనూ (మన రాష్ట్రాల వంటివి) సమాజ సంస్థలతోనూ సంప్రదించడం దాని బాధ్యత.

ఇలాంటి సమన్వయం ఎందుకు అవసరమో ఒక నర్సు ఉదాహరణతో చూడవచ్చు. ఆమె చదువుకు వలసల శాఖ పాయింట్లిచ్చి దేశంలోకి రానిస్తుంది. లైసెన్సు ఇవ్వవలసినది మాత్రం ప్రావిన్సులోని నియంత్రణ సంస్థ. అక్కడ పత్రాలు, పరీక్షలు పూర్తయ్యేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. ఈలోగా ఆమెను ఎవరూ పరుషంగా ఒక్క మాట అనరు, ప్రతి గుమాస్తా మర్యాదగానే మాట్లాడతాడు, అయినా భారమంతా బయటి దేశాల్లో చదివినవారి మీదే పడుతుంది. వ్యవస్థాగత వివక్ష అంటే ప్రధానంగా ఇదే. ఉద్యోగ ప్రకటనల్లో కనిపించే ‘కెనడియన్ అనుభవం’, అంటే ఇంతకుముందు కెనడాలోనే పనిచేసి ఉండాలన్న షరతు కూడా ఈ కోవలోదే. అది పైకి చూస్తేనే వివక్ష కిందికి వస్తుందని ఒంటారియో ప్రావిన్సు మానవ హక్కుల కమిషన్ 2013లోనే తేల్చిచెప్పింది. 25 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు బహిరంగ ప్రకటనల్లో ఆ షరతు పెట్టకూడదన్న నిషేధం మాత్రం ఆ ప్రావిన్సులో 2026 జనవరి 1 నుంచే అమల్లోకి వచ్చింది. ఒక విధానం చట్టంగా మారడానికి పట్టే కాలం ఇంత.

ఉద్యోగ దరఖాస్తులో మీ జాతి నేపథ్యం అడిగే పత్రం కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఉపాధి సమానత్వ చట్టం స్త్రీలు, ఆదివాసీలు, వికలాంగులు, ‘విజిబుల్ మైనారిటీలు’ (ఆదివాసీలు కాక, శ్వేతజాతీయులు కానివారు) అనే నాలుగు వర్గాలను గుర్తిస్తుంది. ఫెడరల్ పరిధిలో ఉండి 100 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు ఆ లెక్కలను ఏటా సమర్పించాలి. మిమ్మల్ని మీరు అలా గుర్తించుకోవడం పూర్తిగా ఐచ్ఛికం. అందులో ‘ఈస్ట్ ఇండియన్’ అని ఉంటే అది బెంగాలీలకో ఒడియావారికో ఉద్దేశించినది కాదు, మనం కూడా ఆ గడిలోకే వస్తాం. లెక్కలు లేకపోతే ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారో ఏ సచివాలయానికీ తెలియదు కనుక, నేనైతే నింపమనే చెబుతాను.

ఇక ఫిర్యాదు సంగతి. బ్యాంకులు, విమానయానం, టెలికాం, ప్రావిన్సుల సరిహద్దులు దాటే రవాణా, ఫెడరల్ శాఖలు ఇవి కెనడియన్ మానవ హక్కుల కమిషన్ పరిధిలోకి వస్తాయి. అద్దె ఇల్లు, బడి, ఆస్పత్రి, రెస్టారెంటు, మిగతా కంపెనీల్లో చాలా భాగం ప్రావిన్సుల పరిధిలోవి. కెనడియన్ కమిషన్ దగ్గరా, ఒంటారియోలో ఫిర్యాదులు వినే మానవ హక్కుల ట్రిబ్యునల్ దగ్గరా సాధారణ గడువు ఏడాదే. వచ్చిన రెండో ఏట నాకు పదోన్నతిలో అన్యాయం జరిగిందనిపించి, ఉంటున్నది ఒంటారియోలోనే కదా అని అక్కడి ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పంపాను. నేను పనిచేసినది బ్యాంకులో కనుక అది తమ పరిధి కాదని కొన్ని నెలల తరవాత జవాబు వచ్చింది. గడువులో అప్పటికే సగానికి పైగా కరిగిపోయింది. ఒంటారియోలో ప్రావిన్సు పరిధిలోని ఫిర్యాదులకు మానవ హక్కుల న్యాయ సహాయ కేంద్రం ఉచితంగా సలహా ఇస్తుంది; ముందుగా అక్కడ ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది. దాడి జరిగినా, బెదిరింపు వచ్చినా ఈ దారులేవీ చూడకుండా అత్యవసర నంబరు 911కు ఫోను చేయాలి.

మనవాళ్లు అంతగా మాట్లాడుకోని విషయం ఒకటుంది. కులం పేరుతో చూపే వివక్ష కూడా మానవ హక్కుల చట్టం కిందికే వస్తుందని ఒంటారియో కమిషన్ 2023లో స్పష్టం చేసింది. అద్దెకు గది చూపిస్తూ ఇంటిపేరు ఆరా తీసి, ఆ తరవాత గది ఖాళీ లేదని చెప్పే తెలుగు యజమాని మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు.

ఏ దారిలో వెళ్లినా ఆధారం కావాలి. జరిగిన రోజే తేదీ, సమయం, అన్న మాటలు అన్నవి అన్నట్టుగా, అక్కడ ఉన్నవారి పేర్లు రాసిపెట్టుకోండి. ఉద్యోగం గానీ ఇల్లు గానీ ఇవ్వబోమన్నప్పుడు కారణమేమిటని మర్యాదగా ఈమెయిల్‌లో అడగండి. ఫోనులో చెప్పిన కారణానికీ రాతలో ఇచ్చిన కారణానికీ పొంతన లేకపోతే అదే పనికొచ్చే ఆధారం కావచ్చు. ఈ నోట్సు మాత్రం ఆఫీసు లాప్‌టాప్‌లో ఉంచకండి. ఉద్యోగం పోయిన రోజే దాని పాస్‌వర్డు కూడా పనిచేయడం మానేస్తుంది.