సొంత లైనక్స్, పాఠం 4: బూట్‌తోనే వైఫై

గత పాఠంలో బిజీబాక్స్ (చిన్న కమాండ్‌ల మూట) ఇనిట్‌తో, అంటే బూట్‌లో మొదట నడిచే ప్రోగ్రామ్‌తో, లాగిన్ ప్రాంప్ట్ దాకా వచ్చాము. ఈసారి ఎవరూ కీబోర్డు ముట్టుకోకుండానే సిస్టమ్ వైఫైలో చేరేలా చేద్దాము. డ్రైవర్, ఫర్మ్‌వేర్ (చిప్‌లోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్), ఇంటర్‌ఫేస్ (వైఫై కార్డుకు సిస్టమ్ ఇచ్చే పేరు), రూటర్‌తో అనుసంధానం, చివరికి ఐపీ అడ్రస్ అన్నదే ఇందులోని వరస.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలో కొన్న యూఎస్‌బీ అడాప్టర్ అయితే డబ్బా మీది పేరును నమ్మకండి. ఒకే పేరుతో అమ్మేవాటిలోనూ చిప్‌లు మారుతుంటాయి గనుక, ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ చూపే ఐడీని బట్టే డ్రైవర్‌ను ఎంచుకోవాలి. దాన్ని కెర్నెల్‌లో కలిపేయకుండా మాడ్యూల్‌గా, అంటే తరువాత విడిగా ఎక్కించే ఫైల్‌గా, ఉంచడం మేలు. కలిపేసిన డ్రైవర్ రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ కాకముందే లేచి, ఫర్మ్‌వేర్ దొరకక విఫలం కావచ్చు.

డబ్ల్యూపీఏ పాస్‌ఫ్రేజ్ అనే కమాండ్ నెట్‌వర్క్ పేరు నుంచి, 8 నుంచి 63 అక్షరాల పాస్‌వర్డ్ నుంచి 256 బిట్ల కీని తయారుచేస్తుంది. దాని ఫలితాన్ని సప్లికెంట్ (రూటర్‌తో అనుసంధానం చేసే ప్రోగ్రామ్) కాన్ఫిగ్ ఫైల్‌లో పెట్టి, కామెంట్‌గా మిగిలే అసలు పాస్‌వర్డ్ వరుసను తీసేయండి. అయినా ఆ కీ ఒక్కటున్నా నెట్‌వర్క్‌లోకి వెళ్లవచ్చు, కాబట్టి ఫైల్ అనుమతులు 600, అంటే యజమాని మాత్రమే చదివి రాయగలిగేలా, ఉండాలి.

ఇక స్టార్టప్ స్క్రిప్ట్. యూఎస్‌బీ అడాప్టర్ కనిపించడానికి కొన్ని సెకన్లు పట్టవచ్చు కనుక, ఇంటర్‌ఫేస్ పేరు సిస్ డైరెక్టరీలో కనబడేదాకా, ఒక గడువు పెట్టుకొని, ఆగి చూడాలి. ఆ తరువాత సప్లికెంట్‌ను పెద్ద బీ ఆప్షన్‌తోను, రూటర్‌ను ఐపీ అడ్రస్ అడిగే డీహెచ్‌సీపీ క్లయింట్ అయిన యూడీహెచ్‌సీపీసీని చిన్న బీ ఆప్షన్‌తోను నేపథ్యంలోకి పంపాలి.

ఈ చిన్న బీ ఎందుకో అమీర్‌పేట హాస్టళ్లలో ఉండేవారికి వేరే చెప్పనక్కర్లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్యూటర్, రూటర్ ఒకేసారి లేస్తాయి, రూటర్ ఆలస్యంగా సిద్ధమవుతుంది. ఏ ఆప్షనూ ఇవ్వకపోతే క్లయింట్ మూడుసార్లు అడిగి, 20 సెకన్లు ఆగి, మళ్లీ అడుగుతూ ముందుభాగంలోనే కూర్చుంటుంది. దాని వెనుక బూట్ మొత్తం నిలిచిపోతుంది. చిన్న ఎన్ ఇస్తే అడ్రస్ దొరకనప్పుడు క్లయింట్ పూర్తిగా ముగిసిపోతుంది, అది ఇంకా చెడ్డది.

లీజ్ (రూటర్ కొంతకాలానికి ఇచ్చే అడ్రస్) దొరికినట్టు సందేశం వచ్చినా అడ్రస్ కనబడకపోతే కంగారుపడకండి: యూడీహెచ్‌సీపీసీ స్వయంగా ఇంటర్‌ఫేస్‌కు అడ్రస్ పెట్టదు, ఆ పని అది పిలిచే డిఫాల్ట్ స్క్రిప్ట్‌ది. ఆ ఫైల్ ఉందో లేదో, దానికి ఎగ్జిక్యూట్ అనుమతి ఉందో లేదో చూడండి.

అభ్యాసం: రూటర్ ఆపి సిస్టమ్‌ను బూట్ చేయండి. లాగిన్ ప్రాంప్ట్ వచ్చాక రూటర్ వేసి, మరేమీ టైప్ చేయకుండా అడ్రస్ వస్తోందో లేదో గమనించండి.