తాతల నాటి మచ్చుకత్తిని పాడుచెయ్యకుండా మళ్ళీ పనిలోకి తేవడం ఎలా

ఇంట్లో తాతల నాటి మచ్చుకత్తి ఉంటే ముందు ఒక్క మాట, దాన్ని కొత్తదానిలా మెరిపించాలని మాత్రం చూడకండి. గ్రైండర్‌కి వైర్ బ్రష్ తగిలించి రుద్దేస్తే ఇన్నేళ్ళుగా పట్టిన నల్లటి పొర, చేసినవాళ్ళ ముద్ర, ఎప్పుడో రాయికి తగిలి పడిన నొక్కు అన్నీ పోతాయి. మా కత్తి మీద అలాంటి నొక్కు ఒకటుంది, చిన్నప్పుడు తాత ముందు నడుస్తూ ముళ్ళపొదలు కొట్టి దారి చేస్తుంటే మేం పిల్లలం వెనకాలే వెళ్ళేవాళ్ళం, అది ఆ రోజులదే, లక్షలిచ్చినా దాన్ని చెరిపెయ్యనివ్వను.

ఎర్రగా పొడిపొడిగా రాలిపోయేదే అసలు తుప్పు, అది పోవాలి. నల్లగా నున్నగా అంటుకున్న పొరని ఉంచెయ్యండి, కొత్త తుప్పుని కొంచెం ఆపుతుంది కూడా. కుట్టుమిషన్ నూనె రాసి, కాసేపు నాననిచ్చి, బాగా సన్నటి స్టీల్ ఊల్‌తో (ఉక్కు పీచుతో) మెల్లగా రుద్దితే చాలావరకు వచ్చేస్తుంది. లోతుగా తిన్న చోట మాత్రమే వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి కొన్ని గంటలుంచండి, కత్తి మొత్తం ముంచితే నల్లపొర కూడా కరిగిపోతుంది, పిడికి తడి తగిలితే చెక్క పాడవుతుంది. తర్వాత వంటసోడా నీళ్ళతో కడిగి వెంటనే తుడిచి నూనె రాసెయ్యాలి, తడిగా వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

పిడి కదుల్తుంటే ఆ కత్తితో పని చెయ్యకండి, విసురులో ఊడొస్తే ఎవరికి తగుల్తుందో తెలీదు. రివెట్లు వదులైతే బిగించండి, చెక్క చీలితే ఎపాక్సీ జిగురు పెట్టి అతికించండి, పూర్తిగా కుళ్ళితే తప్ప పాత పిడి మార్చొద్దు, తాత చెయ్యి పట్టి అరిగిన చెక్క అది. ఎండిపోయుంటే అవిసె నూనె పట్టించండి, తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి పడెయ్యకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, విప్పి బయట ఆరెయ్యండి.

ఇక పదును. మెషిన్ మీద పెడితే అంచు వేడెక్కి నీలం రంగు తిరుగుతుంది, అక్కడ ఉక్కు మెత్తబడిపోయినట్టే, ఇక పదును నిలవదు. కాబట్టి ఆకురాయే (ఇనుప ఫైలే) మేలు. కత్తిని బల్లకి క్లాంప్‌తో బిగించి, గ్లౌజులేసుకుని, ఒక్కో పక్క 25 నుంచి 30 డిగ్రీల వాలులో ముందుకి తోసేటప్పుడే ఒత్తండి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తెయ్యండి, ఎందుకంటే ఆకురాయి పళ్ళు తోసేటప్పుడే కోస్తాయి. అవతలి పక్క అంచు పొడుగునా సన్నటి గరుకు తగిలిందంటే ఆ పక్క అయినట్టు, తిప్పి రెండో పక్క మొదలెట్టండి. చివర్లో సానరాయి మీద నాలుగు పట్లు పడితే ఆ గరుకు పోతుంది. షేవింగ్ బ్లేడంత పదును పెట్టకండి, కొమ్మలు కొడితే అంచు వెంటనే విరుగుతుంది.

పిల్లల్ని వెంట తీసుకెళ్తే మనిషికీ మనిషికీ మధ్య చాలినంత ఎడం ఉంచండి, చెయ్యీ కత్తీ చాపి చుట్టూ తిరిగినా ఎవరూ అందకూడదు. దెబ్బ ఎప్పుడూ కాలికి దూరంగా పోయేలా, కొమ్మకి ఏటవాలుగా వెయ్యడం నేర్పండి, చేతికి చెమట పడితే ఆపేసి తుడుచుకోమనండి. ఇంటికొచ్చాక చెట్టుపాలు తుడిచి నూనె రాయండి, తోలు ఒరలో మాత్రం దాచకండి, తోలు తేమని పట్టి ఉంచుతుంది, నూనె గుడ్డ చుట్టి పిల్లలకి అందని చోట తాళం వేసి పెట్టండి.