సొంతంగా కట్టుకున్న చిన్న విమానాన్ని భద్రంగా ఎలా దించాలి?

అమెరికాలో ఇంటి గ్యారేజీలో విమానం కట్టుకుని ఎగిరేవాళ్లు వేలల్లో ఉన్నారు. పనిలో సగానికి పైగా అమెచ్యూర్లే చేసి ఉంటే, అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ దానికి 'ఎక్స్‌పెరిమెంటల్' (ప్రయోగాత్మక) కింద అనుమతి ఇస్తుంది. వీటిని దించేటప్పుడు జరిగే ప్రమాదాల్లో చాలావరకు ప్రాణాలు దక్కుతాయి. కానీ ఏళ్ల తరబడి పడ్డ కష్టం పది సెకన్లలో నుజ్జవుతుంది. రన్‌వేకి ఓ మైలు ముందే మంచి ల్యాండింగ్ ఖాయమవుతుందని నా నమ్మకం.

ముందుగా మీ విమానం స్టాల్ స్పీడు, అంటే రెక్కలు విమానాన్ని ఇక మోయలేని స్థితికి (స్టాల్) వచ్చే వేగం, మీరే కనుక్కోండి. విమానం విడిభాగాలు అమ్మిన కిట్ కంపెనీ ఇచ్చిన అంకె వాళ్ల విమానానిది. మీరు బిగించిన స్టాటిక్ పోర్టు (బయటి గాలి ఒత్తిడిని అందుకునే రంధ్రం) కాస్త అటూ ఇటూ అయినా స్పీడు మీటరు తప్పు చూపిస్తుంది. కొత్త విమానానికి సాధారణంగా 25 లేదా 40 గంటల టెస్ట్ ఫ్లయింగ్ తప్పనిసరి చేసింది ఇలాంటివి తేల్చుకోవడానికే. నేలకు కనీసం నాలుగైదు వేల అడుగుల ఎత్తులో ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున ఉండే పలకలు) దించి, పవర్ తగ్గించి, ముక్కు మెల్లగా ఎత్తుతూ పోండి. స్టాల్ అయినప్పుడు మీటరు 50 నాట్లు చూపిస్తే, దాన్ని 1.3తో హెచ్చించండి. 65 వస్తుంది. ఫైనల్‌లో, అంటే రన్‌వేకి సూటిగా దిగుతూ వచ్చే చివరి దారిలో, మీ స్పీడు అదే. కాగితం మీద రాసి ప్యానెల్‌కి అంటించుకోండి. బరువు పెరిగితే స్టాల్ స్పీడూ పెరుగుతుంది కాబట్టి, టెస్ట్ దశ అయ్యాక ఇద్దరు కూర్చున్నప్పుడు మళ్లీ కొలవండి.

విమానం సెకండ్ హ్యాండ్‌లో కొన్నారా? అయితే మరీ జాగ్రత్త. అమెరికాలో రవాణా ప్రమాదాలను దర్యాప్తు చేసే సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అంతకు ముందు ఏడాది పరిశీలించిన ఇలాంటి విమానాల ప్రమాదాల్లో సగానికి పైగా కొనుక్కున్నవాళ్లవే. అదే మోడల్ తెలిసిన ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరాకే ఒంటరిగా వెళ్లండి.

ఫైనల్‌కి తిరిగేటప్పుడు రన్‌వే గీత దాటిపోతే రడ్డర్‌తో (పాదాల పెడళ్లతో కదిలే తోక చుక్కాని) ముక్కు లాగాలనిపిస్తుంది. అస్సలు వద్దు. అంత కింద స్టాలై గిరగిరా తిరుగుతూ పడిపోయే స్పిన్‌లో పడితే తేరుకునే ఎత్తు మిగలదు. పవర్ పెంచి, మళ్లీ చుట్టి రండి.

భయంతో స్పీడు ఎక్కువ పెట్టుకోవడం కూడా ప్రమాదమే. 65 బదులు 75తో వస్తే, ఆపాల్సిన శక్తి మూడో వంతు పెరుగుతుంది.

చక్రాలు తాకగానే విమానం బంతిలా ఎగిరిందనుకోండి. కళ్ల ముందు ఆకాశం కనిపిస్తుంది, చెయ్యి తనంతట తానే స్టిక్‌ని (విమానాన్ని నడిపే కర్ర) ముందుకు నెడుతుంది. ఈసారి ముక్కు చక్రం ముందు తగులుతుంది, రెండో ఎగురు ఇంకా పెద్దది. మూడోసారికి ప్రొపెల్లర్ నేలకు కొట్టుకోవచ్చు. చెయ్యి బిగబట్టండి. ముక్కు ఎక్కడుందో అక్కడే ఉంచి, పవర్ మెత్తగా పూర్తిగా ఇవ్వండి. చిన్న బాడీకి పెద్ద ఇంజిన్ ఉంటే ముక్కు ఒక్కసారిగా ఎడమకు లాగుతుంది కాబట్టి, కుడి పెడల్ సిద్ధంగా ఉండాలి. ప్రొపెల్లర్ వ్యతిరేక దిశలో తిరిగే ఇంజిన్‌కైతే ఎడమ పెడల్.

పక్కగాలి ఉంటే గాలి వచ్చే వైపు రెక్క కొంచెం దించి, రడ్డర్‌తో ముక్కును రన్‌వేకి సూటిగా పెట్టండి. దిగాక కూడా స్టిక్‌ని గాలి వైపే ఉంచాలి.

తోక చక్రం ఉన్నవాటికి ఇంకో చిక్కు ఉంది. బరువు ముందు చక్రాలకు వెనక ఉంటుంది. ముక్కు కాస్త పక్కకు తిరిగిందంటే, వెనక బరువు ముందుకు రావాలని చూస్తుంది, విమానం గిర్రున తిరుగుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. వేగం తగ్గే కొద్దీ రడ్డర్‌కి గాలి తగలక పట్టు తగ్గుతుంది. 'దిగిపోయాంలే' అని పాదాలు వదులు చేసేది సరిగ్గా అప్పుడే. స్టిక్ వెనక్కి పట్టి, పెడళ్లను చిన్న చిన్న తాకిళ్లతో కదుపుతూనే ఉండండి. ఇంజిన్ ఆపి, రెక్కలకు తాళ్లు కట్టేదాకా ల్యాండింగ్ అయినట్టు కాదు.