మంచి డిస్క్ ప్లేయర్ సౌండ్‌ని ఎలా పరీక్షించాలి? సెట్టింగ్స్ ఎలా సరిచూసుకోవాలి?

అదే సీడీ ప్లేయర్, అదే యాంప్ (యాంప్లిఫయర్), అదే పాట. రెండిటినీ కలపడానికి ముందు మామూలు ఆర్‌సీఏ కేబుల్‌తో విన్నాను. తర్వాత మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ పెట్టాను. గొంతు దగ్గరకొచ్చింది, బేస్ గట్టిపడింది, మధ్యలో ఉన్న తెర ఎవరో తీసేసినట్టు అనిపించింది. రెండు వారాలు ఆ ఆనందంలోనే ఉన్నాను. ఒకరోజు మాన్యువల్ చివరి పేజీలో రెండు అంకెలు కంటపడ్డాయి: ఆర్‌సీఏ ఔట్‌పుట్ 2 వోల్టులు, ఎక్స్‌ఎల్‌ఆర్ 4 వోల్టులు. వోల్టేజీ రెట్టింపైతే సౌండ్ 6 డెసిబెల్స్ పెరుగుతుంది. వాల్యూమ్ నాబ్ అంతమేర తగ్గించి మళ్లీ విన్నాను. తెర ఎక్కడా లేదు, రెండూ ఒకేలా ఉన్నాయి.

ఎంత మంచి ప్లేయర్ అయినా, దాన్ని పోల్చే పద్ధతి సరిగ్గా లేకపోతే మనం వినేది ప్లేయర్‌ని కాదు, వాల్యూమ్ తేడాని. అందుకే కింద చెప్పిన వరుసలోనే వెళ్లండి. మధ్యలో ఏదీ దాటేయొద్దు.

1. ముందు మెనూ అంతా ఒకసారి చూడండి

వినడం మొదలుపెట్టకముందే సెటప్ మెనూలో ఆడియో పేజీలన్నీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఏది మార్చినా వెనక్కి రావడానికి దారి ఉంటుంది.

మొదట వెతకాల్సింది డైనమిక్ రేంజ్ కంట్రోల్. కొన్ని ప్లేయర్లలో దీన్ని నైట్ మోడ్ అంటారు. రాత్రిపూట పక్కవాళ్లకి ఇబ్బంది లేకుండా పెద్ద శబ్దాల్ని తగ్గించి, చిన్నవాటిని పెంచడం దీని పని. డాల్బీ ఆడియో ఉన్న బ్లూరే, డీవీడీ డిస్కుల మీద ఇది బాగా ప్రభావం చూపుతుంది. చాలా ప్లేయర్లు దీన్ని ఆటోలో పెట్టి పంపిస్తాయి. ఆఫ్ చేయండి. బ్లూరే వినేవాళ్లు సెకండరీ ఆడియో కూడా ఆఫ్ చేయాలి. అది ఆన్‌లో ఉంటే ప్లేయర్ మెనూ శబ్దాల్ని అసలు ట్రాక్‌తో కలపాల్సి వస్తుంది. ఆ పనిలో డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ లాంటి మేలురకం సరౌండ్ ట్రాక్‌లు పూర్తి నాణ్యతతో రిసీవర్‌కి (స్పీకర్లన్నిటినీ నడిపే యాంప్‌కి) చేరకపోవచ్చు.

టోన్ కంట్రోల్, సరౌండ్ ఎఫెక్టులు, లిప్‌సింక్ డిలే ఉంటే సున్నాలో పెట్టేయండి. ప్యూర్ డైరెక్ట్ బటన్ ఉంటే అది వీడియో సర్క్యూట్‌ని, డిస్‌ప్లేని ఆపేస్తుంది. కొన్నిట్లో దానివల్ల మేలు ఉంటుంది, కొన్నిట్లో ఏమీ తెలియదు.

2. పోల్చే రెండిటి వాల్యూమ్ సమానం చేయండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. చెవి అన్ని స్వరాల్నీ ఒకేలా వినదని, సౌండ్ తగ్గితే బేస్ మరీ తగ్గినట్టు వినిపిస్తుందని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. అర డెసిబెల్ తేడా ఉంటే మనకి 'ఎక్కువ సౌండ్' అని తెలియదు. 'ఇది కాస్త స్పష్టంగా ఉంది' అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

కొలవడానికి టెస్ట్ టోన్ ఉన్న డిస్క్, మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. వాల్యూమ్ బాగా తగ్గించి 1 కిలోహెర్ట్జ్ టోన్ పెట్టండి. మీటర్‌ని ఏసీ వోల్టుల్లో ఉంచి, రెండు ప్రోబ్‌లనీ ఒకే స్పీకర్ వెనక ఎరుపు, నలుపు టెర్మినల్స్‌కి ఆనించండి. ప్రోబ్‌లు ఒకదానికొకటి తగలకూడదు, తగిలితే యాంప్ దెబ్బతినొచ్చు. మొదటి సెట్టింగ్‌లో 1.00 వోల్టు చూపిస్తే రెండోదాంట్లోనూ 0.99, 1.01 మధ్య ఉండేలా వాల్యూమ్ సరిచేయండి. అప్పుడు తేడా 0.1 డెసిబెల్‌కి మించదు. నాబ్ ఎక్కడ ఆగిందో చిన్న టేప్ ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ లేనిదానికంటే నయమే కానీ ఇంత నిక్కచ్చిగా చూపించదు.

3. మీకు కంఠతా వచ్చిన పాటలు ఎంచుకోండి

షోరూముల్లో వేసే మెరుపు డిస్కులు ఏ ప్లేయర్‌లోనైనా బాగానే ఉంటాయి. మీకు ప్రతి మలుపూ తెలిసిన నాలుగు ట్రాక్‌లు తీసుకోండి. ఒక్కోదాంట్లో 30 సెకన్ల ముక్క చాలు, అదే ముక్క మళ్లీ మళ్లీ వినాలి. ఐదు నిమిషాల పాట మొత్తం విని తర్వాత ఇంకోటి వింటే మొదట విన్నది అప్పటికే చెదిరిపోయి ఉంటుంది.

ఏం వినాలి? నేను మృదంగం దగ్గర మొదలుపెడతాను. ఎడమచేతి గుమికి సాగుతున్నప్పుడు ఆ శబ్దం జారుతూ పైకి వెళ్లడం వినిపించాలి. ఊరికే 'బుమ్' అని ఒక ముద్దలా వస్తే ఎక్కడో తేడా ఉన్నట్టే. అదే క్షణంలో కుడిచేతి దెబ్బ మొన విడిగా తెలియాలి. తర్వాత గొంతు. 'స', 'శ', 'చ' అక్షరాల దగ్గర చెవిలో గుచ్చినట్టుంటే ట్రెబుల్ గట్టిగా ఉందని అర్థం. పియానోలో ఒక్క మెట్టు నొక్కి వదిలేసిన చోటు ఉంటే, ఆ నాదం గదిలో కలిసిపోయేదాకా ఆగి వినండి. ఎంతసేపు వినిపించిందో లెక్కపెట్టండి. ఆ చివరి రెండు సెకన్లలో ప్లేయర్ పనితనం తెలుస్తుంది.

ఇంకో పరీక్ష: డిస్క్ పాజ్‌లో పెట్టి, వాల్యూమ్ పెంచి, స్పీకర్‌కి అడుగు దూరంలో చెవి పెట్టండి. హమ్ గానీ బుస్సుమనే శబ్దం గానీ ఎక్కువగా ఉంటే ముందు కేబుల్స్, ఎర్తింగ్ చూడాలి. వాల్యూమ్ తగ్గించాకే మళ్లీ ప్లే నొక్కండి, మర్చిపోవద్దు.

4. డిజిటల్ ఫిల్టర్‌తో ఎక్కువ రోజులు కూర్చోవద్దు

సీడీలో సెకనుకి 44,100 శాంపిల్స్, ఒక్కో శాంపిల్‌కి 16 బిట్లు. కాబట్టి 22.05 కిలోహెర్ట్జ్ పైన అందులో సంగీతం ఉండదు. కానీ ఆ అంకెల్ని ప్లేయర్‌లోని డాక్ అనే చిప్ అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పనిలో ఆ పైన నకిలీ ప్రతిబింబాలు పుడతాయి. వాటిని కోసేసేదే ఈ ఫిల్టర్. షార్ప్ ఫిల్టర్ 20 కిలోహెర్ట్జ్ దాకా సమంగా ఉంచి, తర్వాత గోడలా కోస్తుంది. స్లో ఫిల్టర్ కాస్త ముందునుంచే వాలుగా దిగుతుంది, అందుకే పైస్వరాలు రవ్వంత మెత్తబడతాయి. లీనియర్ ఫేజ్ అయితే దెబ్బకి ముందూ వెనకా సన్నటి అలలుంటాయి, మినిమమ్ ఫేజ్‌లో అవన్నీ వెనక్కే వెళతాయి.

కాగితం మీద ఈ తేడాలు పెద్దగా కనిపిస్తాయి, చెవికి చాలా చిన్నవి. చప్పట్లు, తాళాలు ఉన్న ట్రాక్‌తో ఒక సాయంత్రం ప్రయత్నించండి. తేడా తెలియకపోతే షార్ప్‌లో పెట్టి వదిలేయండి. అప్‌శాంప్లింగ్ (శాంపిల్స్ సంఖ్య పెంచడం) కూడా అంతే. 44.1 కిలోహెర్ట్జ్‌ని 192 చేసినా డిస్కులో లేని వివరం కొత్తగా పుట్టదు.

5. ఎస్ఏసీడీ వినేటప్పుడు

ఎస్ఏసీడీ అంటే సూపర్ ఆడియో సీడీ. అందులో హైబ్రిడ్ రకానికి రెండు పొరలుంటాయి: ఒకటి మామూలు సీడీ, రెండోది సెకనుకి 28,22,400 సార్లు శాంపిల్ చేసే ఒక్క బిట్ డీఎస్‌డీ (డైరెక్ట్ స్ట్రీమ్ డిజిటల్) రికార్డింగ్. మెనూలో ప్రయారిటీ సీడీ మీద ఉంటే మీరు నెలల తరబడి సీడీ పొరనే వింటూ ఉండొచ్చు. డిస్‌ప్లేలో ఏం రాస్తోందో చూడండి.

రెండు పొరల్నీ పోల్చి ఎస్ఏసీడీ గొప్పదని తేల్చేయకండి. చాలా డిస్కుల్లో రెండిటి మాస్టరింగ్ (డిస్కుకి ఎక్కించే ముందు చేసే తుది మెరుగు) వేరు, వాల్యూమ్ కూడా వేరు. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికాలో ప్రచురించిన పరీక్షలో ఎస్ఏసీడీ, డీవీడీ-ఆడియో డిస్కుల ధ్వనిని ఉన్నదున్నట్టు ఒకసారి, సీడీ ప్రమాణానికి దించి ఒకసారి, వాల్యూమ్ సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా వినిపించారు. 550కి పైగా ప్రయత్నాల్లో సరైన జవాబులు సగం దగ్గరే ఆగాయి. నేనైతే ఎస్ఏసీడీలు కొంటూనే ఉంటాను. వాటి మాస్టరింగ్ మీద పెట్టిన శ్రద్ధ అలాంటిది.

కనెక్షన్ గురించి ఒక్క మాట: ఎస్ఏసీడీ పొరలోని సిగ్నల్ మామూలు కోయాక్సియల్, ఆప్టికల్ ఔట్‌పుట్ల నుంచి రాదు. అనలాగ్ గానీ హెచ్‌డీఎంఐ గానీ వాడాలి.

ఐదారు స్పీకర్లు ఉన్నవాళ్లు బేస్ మేనేజ్‌మెంట్ (చిన్న స్పీకర్ల బేస్‌ని సబ్‌వూఫర్‌కి మళ్లించే సెట్టింగ్) ఒక్క చోటే పెట్టాలి. హెచ్‌డీఎంఐతో రిసీవర్‌కి ఇస్తుంటే ప్లేయర్‌లో అన్ని స్పీకర్లూ 'లార్జ్' అని పెట్టి, ఆ మళ్లింపు మొదలయ్యే హద్దు, అంటే క్రాసోవర్, 80 హెర్ట్జ్‌గా రిసీవర్‌లో పెట్టండి. రెండు చోట్లా పెడితే బేస్ రెండుసార్లు కోతపడుతుంది. మల్టీచానెల్ అనలాగ్ కేబుల్స్ వాడితే ఆ పని ప్లేయరే చేయాలి. స్పీకర్ దూరాలు టేపుతో కొలిచి ఇవ్వండి, 34 సెంటీమీటర్లు తప్పితే శబ్దం ఒక మిల్లీసెకను అటూ ఇటూ అవుతుంది.

6. చూడకుండా వినండి

ఇంట్లో ఒకరిని సాయం అడగండి. వాళ్లు నాణెం ఎగరేసి ఏ సెట్టింగో నిర్ణయించి, మీకు చెప్పకుండా పెట్టాలి. మీరు విని రాయాలి. ఇలా 10 సార్లు. ఏడు సరిగ్గా చెప్పానని సంబరపడొద్దు. కళ్లు మూసుకుని ఊహించినా ఏడు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఆరుసార్లలో ఒకసారి వచ్చేస్తాయి. ఊరికే ఊహిస్తే తొమ్మిది గానీ పది గానీ రావడానికి అవకాశం నూటికి ఒకటే. అన్ని వస్తే ఆ తేడా మీరు నిజంగా వింటున్నట్టే.

నచ్చిన సెట్టింగ్స్ ఒక కాగితం మీద తేదీతో రాసి మాన్యువల్‌లో పెట్టుకోండి. ఫర్మ్‌వేర్ (ప్లేయర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాక కొన్ని ప్లేయర్లు ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌కి వెళ్లిపోతాయి. నాకు ఒకసారి అలాగే జరిగింది, డైనమిక్ రేంజ్ కంట్రోల్ మళ్లీ ఆటోలోకి వెళ్లింది. అప్‌డేట్ అయిన ప్రతిసారీ ముందు ఆ పేజీ తెరిచి చూడండి.