సూడో లేని సిస్టమ్‌లో స్క్రిప్ట్ ఆగిపోతోందా? సమస్య - పరిష్కారం

మాదాపూర్‌లో మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఒక సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. "అన్నా, నా దగ్గర బాగానే నడుస్తోంది, కంటైనర్‌లో మాత్రం మొదటి లైన్‌కే ఆగిపోతోంది" అన్నాడు. స్క్రీన్ మీద "సూడో: కమాండ్ నాట్ ఫౌండ్", కింద ఎగ్జిట్ కోడ్ 127. పర్మిషన్ సమస్య అనుకుని గంట సేపు ఫైల్ పర్మిషన్లన్నీ మార్చుకుంటూ కూర్చున్నాడట. అమీర్‌పేటలో ఉబుంటు మీద లైనక్స్ నేర్చుకున్న మాలో చాలామందికి ప్రతి కమాండ్ ముందూ సూడో (కమాండ్‌ని అడ్మిన్ అధికారంతో నడిపించేది) కొట్టడం చేతికి అలవాటైపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

కారణం

127 అంటే షెల్‌కి (మనం కొట్టే కమాండ్లని నడిపే ప్రోగ్రామ్‌కి) ఆ పేరుతో ప్రోగ్రామే దొరకలేదని అర్థం. అనుమతి లేక ఆగడం వేరు. కంటైనర్ అంటే మెషీన్ లోపలే విడిగా నడిచే చిన్న సిస్టమ్ లాంటిది, దాన్ని తయారుచేసే మూస ఇమేజ్. ఉబుంటు, డెబియన్ అధికారిక కంటైనర్ ఇమేజ్‌లలో సూడో ఉండదు. అక్కడ మామూలుగా మీరు ముందే రూట్ (అన్ని అధికారాలున్న యూజర్), కాబట్టి దాని అవసరమూ లేదు. "ఐడీ -యు" కొట్టి చూడండి. 0 వస్తే మీరు రూటే.

పరిష్కారం

సూడో తీసేస్తే కంటైనర్‌లో నడుస్తుంది, కానీ ల్యాప్‌టాప్‌లో ఆగిపోతుంది. అందుకని స్క్రిప్ట్ మొదట్లోనే ఒక్కసారి తేల్చుకోవాలి. ఐడీ 0 అయితే ఒక వేరియబుల్‌ని ఖాళీగా ఉంచండి. కాకపోతే "కమాండ్ -వి"తో సూడో ఉందేమో వెతకండి, అది లేకపోతే అదే పని చేసే డూయాజ్ ఉందేమో చూడండి. దొరికిన పేరు ఆ వేరియబుల్‌లో పెట్టండి. రెండూ లేకపోతే "రూట్‌గా రన్ చేయండి" అని స్పష్టంగా చెప్పి స్క్రిప్ట్ ఆపేయండి. ఆ తర్వాత రూట్ కావాల్సిన ప్రతి కమాండ్ ముందూ ఆ వేరియబుల్ రాస్తే చాలు.

మా కుర్రాడు ఇదంతా సరిగ్గా రాశాడు, అయినా మళ్లీ 127 వచ్చింది. చూస్తే, వేరియబుల్‌ని కొటేషన్లలో పెట్టాడు. అది ఖాళీగా ఉన్నప్పుడు షెల్ పేరులేని కమాండ్ కోసం వెతుకుతుంది. అన్నిచోట్లా కొటేషన్లు పెట్టడం మంచి అలవాటే, ఇక్కడ మాత్రం పెట్టకూడదు.

రూట్ అవునో కాదో చూడటానికి ఈయూఐడీ వేరియబుల్‌ని నమ్ముకోకండి. అది బ్యాష్‌లో ఉంటుంది, డెబియన్‌లో "ఎస్‌హెచ్" స్క్రిప్టుల్ని నడిపే డ్యాష్‌లో ఉండదు.

డూయాజ్ ఉంది, అయినా ఎర్రర్

డూయాజ్ 2015లో ఓపెన్‌బీఎస్‌డీ 5.8తో వచ్చింది. సూడోకి ఇచ్చే ఆప్షన్లన్నీ దీనికి తెలియవు. ఎన్విరాన్‌మెంట్‌ని దాటించే "-ఈ" ఇస్తే ఒప్పుకోదు, ఆ పని దాని కాన్ఫిగ్ ఫైల్‌లో "కీప్‌ఎన్వ్" అని రాసి చేయాలి. స్క్రిప్ట్‌లో ఆప్షన్లు లేకుండా వాడుకోవడమే సుఖం.

"అప్‌డేట్ అనే యూజర్ లేడు"

లైనక్స్‌లో "ఎస్‌యూ -సి ఆప్ట్ అప్‌డేట్" అని కొడితే ఇలా వస్తుంది. ఎస్‌యూ అంటే వేరే యూజర్‌గా, మామూలుగా రూట్‌గా, మారే కమాండ్. "-సి" తర్వాత వచ్చే ఒక్క మాటనే ఎస్‌యూ కమాండ్‌గా తీసుకుంటుంది, రెండో మాటని యూజర్ పేరనుకుంటుంది. మొత్తం కమాండ్‌ని ఒకే కొటేషన్‌లో పెట్టండి. ఆటోమేటిక్‌గా నడిచే స్క్రిప్టుల్లో మాత్రం ఎస్‌యూ వద్దంటాను. పాస్‌వర్డ్ అడిగితే చెప్పడానికి అక్కడ ఎవరూ ఉండరు.

డెబియన్ మెషీన్‌లోనే సూడో లేదు

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ ఇస్తే డెబియన్ మీ యూజర్‌కి సూడో ఏర్పాటు చేయదు. "ఎస్‌యూ -" అని రూట్‌లోకి వెళ్లి, సూడో ఇన్‌స్టాల్ చేసి, "యూజర్‌మాడ్ -ఏజీ సూడో" తర్వాత మీ యూజర్ పేరు కొట్టండి. ఎస్‌యూ పక్కన ఆ గీత మరిచిపోతే, డెబియన్ 10 నుంచి యూజర్‌మాడే దొరకదు, ఎందుకంటే పాత్‌లోకి (షెల్ కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలోకి) అడ్మిన్ కమాండ్లుండే ఎస్‌బిన్ ఫోల్డర్ రాదు. "ఏ" మరిచిపోతే ఇంకా ప్రమాదం, మీ యూజర్ మిగతా అదనపు గ్రూపులన్నిటి నుంచీ బయటకు వచ్చేస్తాడు. చివరగా లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి, అప్పటిదాకా కొత్త గ్రూప్ పనిచేయదు.

రూట్ అసలు ఇవ్వరు

ఆఫీసు సర్వర్లలో ఇది మామూలే. దొడ్డిదారులు వెతకకండి. సోర్స్ నుంచి బిల్డ్ చేస్తుంటే "ప్రిఫిక్స్"ని (ఎక్కడ ఇన్‌స్టాల్ అవ్వాలో చెప్పే సెట్టింగ్‌ని) మీ హోమ్ డైరెక్టరీలోని డాట్ లోకల్‌కి మార్చి, దాని బిన్ ఫోల్డర్‌ని పాత్‌లో కలపండి. చాలా టూల్స్‌కి ఇది సరిపోతుంది. 1024 కంటే తక్కువ పోర్టు కావాలన్నా, సిస్టమ్ సర్వీస్ పెట్టాలన్నా అడ్మిన్‌కి టికెట్ వేయండి, ఏ కమాండ్ ఎందుకు కావాలో అందులోనే రాయండి.