టెక్స్ట్ రోల్‌ప్లేలో అవతలివాళ్ల ఆట చెడగొట్టకుండా ఆడడం ఎలా?

తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇద్దరో పదిమందో కలిసి తలా ఒక పాత్ర పట్టుకుని వంతులవారీగా టైప్ చేసుకుంటూ కథ నడపడమే టెక్స్ట్ రోల్‌ప్లే. కొత్తదేం కాదు, 1978లోనే ఇంగ్లండ్‌లో ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మడ్ అనే గేమ్ రాయడం మొదలుపెట్టాడు, తర్వాత రిచర్డ్ బార్టిల్ దాన్ని పెంచాడు, అందులో బొమ్మల్లేవు అన్నీ అక్షరాలే. కాకపోతే అక్కడ దెబ్బ తగిలిందా లేదా అని తేల్చేది ప్రోగ్రామ్. మనం చాట్‌లో ఆడేదాంట్లో అలా తేల్చేవాడు లేడు, ఎవరికివాళ్లు న్యాయంగా ఉంటేనే ఆట, లేదంటే రోజంతా పంచాయితీ.

1. మొదటి పోస్ట్ కంటే ముందే మాట్లాడుకోండి. కథ ఏ కాలంలో, మ్యాజిక్ ఉందా లేదా, రోజుకి ఎన్ని రిప్లైలు, ఏ విషయాలు అస్సలు వద్దు. పది నిమిషాల పని.

2. పాత్రకి ఒక బలం రాస్తే ఒక బలహీనత కూడా రాయండి. అన్నీ వచ్చినవాడితో ఎదుటివాళ్లకి ఏం పని ఉంటుంది?

3. ఇక అసలు సంగతి, పోస్ట్ పెట్టేముందు క్రియ చూసుకోండి. "కత్తి దూసి దొంగ చెయ్యి నరికేశాడు" అని రాశారనుకోండి, ఆ దొంగ మీ పాత్ర కాదు కదా, వాడి చెయ్యి ఉండాలా ఊడాలా అన్నది వాణ్ణి ఆడిస్తున్న మనిషి ఇష్టం. అదే "నరకబోయాడు" అని ఆపితే సరిపోయె, తప్పుకుంటాడో, డాలు అడ్డం పెడతాడో, నిజంగానే చెయ్యి పోగొట్టుకుంటాడో వాళ్ల వంతులో వాళ్లు రాసుకుంటారు. ఇంగ్లీషులో అయితే ట్రై అనో అటెంప్ట్ అనో వేరే మాట తగిలించాలి, మనకి ఒక్క "బోయాడు"తో పనైపోతుంది. కత్తులకే కాదు, "నన్ను చూడగానే ఆమె గుండె ఝల్లుమంది" అన్నా అదే తప్పు, ఆమె గుండె సంగతి మీకెందుకు? దీన్ని పవర్‌ప్లే అంటారు. దీనికో తమ్ముడున్నాడు, గాడ్‌మోడింగ్, అంటే ఎన్ని బాణాలేసినా ఒక్కటీ తగలని పాత్ర. కొత్తలో నేనూ అలాంటోణ్ణే, నా పాత్ర వరసగా ఆరు దెబ్బలు తప్పించుకున్నాక ఎదుటాయన "సరే అండి, మీరే గెలిచారు" అని రాసి వెళ్లిపోయాడు, ఆ తర్వాత ఎన్ని రోజులు చూసినా రాలేదు. అప్పట్నుంచి మూడు దెబ్బల్లో ఒకటైనా తింటున్నా, నిజం చెప్పాలంటే దెబ్బ తిన్న పోస్టులే బాగా వస్తాయి.

ఎంతకీ తేలకపోతే ఇరవై ముఖాల డైస్ వేసుకోండి, పెద్ద నంబర్ వచ్చినోళ్ల మాట చెల్లుతుంది. పడ్డాక మళ్లీ వేద్దాం అనకూడదు.

4. మీకు తెలిసింది వేరు, మీ పాత్రకి తెలిసింది వేరు. వంటింట్లో ఎవరో పాలల్లో విషం కలిపినట్టు రాశారు, మీరు చదివారు, మీ పాత్ర అప్పుడు ఇంకో గదిలో ఉంది. ఉన్నట్టుండి దానికి "ఇవాళ పాలు తాగాలని లేదు" అనిపించిందంటే అందరికీ అర్థమైపోతుంది. ఇదే మెటాగేమింగ్. రాసేవాళ్లు కూడా కొంచెం సాయం చెయ్యాలి, తెలుగులో "ముసుగు మనిషి వచ్చాడు" అనగానే ఆడో మగో తెలిసిపోతుంది, గుట్టు దాచాలంటే "ఒక ఆకారం వచ్చింది" అని రాసుకోండి.

5. కథ బయటి మాటలు డబుల్ బ్రాకెట్లలో పెట్టండి. కథ లోపల "ఒరేయ్, నీ అంతు చూస్తా" అనుకున్న ఇద్దరే బ్రాకెట్లలోకి రాగానే "మీకు ఓకేనా అండి" అనుకోవాలి, పాత్రకి వచ్చిన కోపం మనిషి మీదకి పాకిందంటే ఆ రోజుకి ఆపెయ్యడం మంచిది. ఎవరైనా ఈ సీన్ వద్దు అంటే ఎందుకని అడక్కండి, "మర్నాడు పొద్దున" అని మొదలుపెట్టి దాటేయండి. అవతల ఉన్నది పిల్లలని తెలిసినా, అనుమానమొచ్చినా ప్రేమ సీన్ల జోలికి అసలు పోవద్దు.

6. మీ వంతు వచ్చేదాకా ఆగండి. ముగ్గురు ఆడుతుంటే మీరొక్కరే వరసగా నాలుగు పోస్టులు వేస్తే మిగతావాళ్లు ప్రేక్షకులైపోతారు.

7. మానేయాలనుకుంటే చెప్పి మానేయండి, పాత్రని ఏదో ప్రయాణం మీద పంపించేస్తే కథకి అడ్డం ఉండదు. ఇంకెవరైనా వారం పాటు కనబడకపోతే వాళ్ల పాత్రని మాత్రం చంపకండి, జ్వరమొచ్చి పడుకుందని రాయండి చాలు, తిరిగొచ్చాక వాళ్లే లేపుకుంటారు.