ఏడాది ప్రయాణ బీమా: క్లెయిమ్ ఫారం నుంచి మొదలుపెట్టండి

ప్రయాణ బీమా కొనేటప్పుడు చూపు మొదట ప్రీమియం మీద, ఆ తరువాత ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసిన బీమా మొత్తం మీద పడుతుంది. క్లెయిమ్ తేలే రోజున మాత్రం ఈ రెండింటి ప్రస్తావనా పెద్దగా రాదు. పాలసీ పత్రంలో ‘ప్రయాణం’, ‘దగ్గరి బంధువు’, ‘ముందు నుంచి ఉన్న జబ్బు’, ‘వదిలేసిన సామాను’ వంటి మాటలకు ఏ అర్థం చెప్పారో, ఏ కాగితాన్ని ఎన్ని గంటల్లోగా తీసుకోమన్నారో, వాటిని బట్టే డబ్బు వచ్చేదీ రానిదీ తేలుతుంది. కనుక ఏడాదిలో చేసే ప్రయాణాలన్నిటికీ కలిపి ఒకేసారి తీసుకునే ఏడాది పాలసీ కొనదలచినవారు దానిని చివరి నుంచి చదవడం మేలు: ముందు క్లెయిమ్ ఫారం, తరువాత మినహాయింపులు, ఆపైన నిర్వచనాలు, అన్నిటికన్నా చివర ప్రీమియం.

క్లెయిమ్ ఫారాన్నీ, పాలసీ పూర్తి పాఠాన్నీ చాలా కంపెనీలు తమ వెబ్‌సైటులోనే ఉంచుతాయి. డబ్బు కట్టాకే ఇస్తామనే కంపెనీ జోలికి వెళ్లనవసరం లేదు. సామాను ఆలస్యానికి సంబంధించిన ఫారాన్ని ఒకసారి తీసి చూడండి. బోర్డింగ్ పాస్, చెక్-ఇన్ చేసినప్పుడు ఇచ్చిన బ్యాగేజీ ట్యాగు, సామాను రాలేదని విమానాశ్రయంలోనే విమాన సంస్థ రాసి ఇచ్చే పీఐఆర్ అనే నివేదిక, బ్యాగు చివరకు ఏ తేదీన ఏ గంటకు చేతికి అందిందో తెలిపే లేఖ, ఈలోగా కొన్న బట్టలకూ అవసర వస్తువులకూ రసీదులు: సాధారణంగా ఇవన్నీ అడుగుతారు. ఒకసారి నా బ్యాగు మర్నాటికి గానీ రాలేదు. బోర్డింగ్ పాసు వెనుక అతికించిన ఆ చిన్న ట్యాగును హోటల్ గదిలోని చెత్తబుట్టలో వేసేశాను, బ్యాగు అందిన గంటను ఎవరిచేతా రాయించుకోలేదు. ఆలస్యం 12 గంటలు దాటితేనే పరిహారమన్నది పాలసీ షరతు. దాటిందని నాకు తెలుసు, చూపడానికి కాగితం లేదు. కంపెనీ ఇవ్వనన్నది, ఆ పత్రం ప్రకారం దాని మాటే నిలిచింది. ఫారాన్ని ముందే చదివి ఉంటే రెండు నిమిషాల పని అది.

ఇదే సందర్భంలో విమాన సంస్థ బాధ్యత కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే అది చెల్లించిన మొత్తాన్ని మినహాయించుకొని మిగిలినదే బీమా కంపెనీలు సాధారణంగా ఇస్తాయి. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తించే అంతర్జాతీయ ప్రయాణాల్లో, సామాను పాడైతే అందిన 7 రోజుల్లోగా, ఆలస్యమైతే అందిన 21 రోజుల్లోగా విమాన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆ గడువు దాటనిచ్చినవారికి విమాన సంస్థ నుంచి ఏమీ రాదు, అక్కడ రావలసినది పోగొట్టుకున్నారన్న కారణం చూపి బీమా కంపెనీ కూడా కోత పెట్టవచ్చు.

ఇప్పుడు ఏడాది పాలసీకే ప్రత్యేకమైన చిక్కుల దగ్గరకు వద్దాం. ఏడాది పొడవునా రక్షణ అంటే ఏడాదంతా ఎక్కడైనా ఉండవచ్చునని కాదు. ఒక్కొక్క ప్రయాణం ఎన్ని రోజులకు మించరాదో పాలసీలో రాసి ఉంటుంది; 30, 45, 60, 90 రోజుల వంటి హద్దులు తరచుగా కనిపిస్తాయి. హద్దు 30 రోజులైనప్పుడు 34 రోజుల ప్రయాణానికి బయలుదేరితే చివరి 4 రోజులే రక్షణ లేనివని చాలామంది అనుకుంటారు. కొన్ని పాలసీల్లో అంతే. మరికొన్నింటిలో హద్దు మించేలా ముందే టికెట్లు తీసుకున్న ప్రయాణానికి మొదటి రోజు నుంచే రక్షణ ఉండదు. ఈ రెండింటిలో మీ పాలసీ ఏ కోవకు చెందుతుందో ఒక్క వాక్యంలో తేలుతుంది, ఆ వాక్యం సాధారణంగా ‘ప్రయాణం’ అనే మాట నిర్వచనంలోనే ఉంటుంది. ప్రయాణం స్వదేశంలో మొదలై స్వదేశంలోనే ముగియాలని, తిరుగు టికెట్ ఉండాలని అక్కడే రాసి ఉండవచ్చు. అటువంటప్పుడు ఒకవైపు టికెట్‌తో వెళ్లేవారికి ఆ పాలసీ పనికిరాదు.

బీమా మొత్తం ప్రతి ప్రయాణానికీ కొత్తగా మొదలవుతుందా, లేక ఏడాది మొత్తానికి ఒకటేనా అన్నది రెండో ప్రశ్న. ఏడాదికి ఒకటే అయితే, మొదటి ప్రయాణంలో ఆసుపత్రి ఖర్చుకు పోయినది పోగా మిగిలినదే తరువాతి ప్రయాణాలకు ఉంటుంది. ప్రయాణ రద్దు విషయంలో ఈ తేడా ఇంకా బాగా కనబడుతుంది, ఎందుకంటే అమెరికాలో అమ్మే కొన్ని ఏడాది పాలసీల వంటివాటిలో రద్దు పరిహారం ఏడాదికి ఒకే మొత్తంగా ఉంటుంది, కొన్నిటిలో అసలే ఉండదు.

మూడోది తేదీల సంగతి. వైద్య ఖర్చులకు రక్షణ బయలుదేరినప్పుడు మొదలవుతుంది. రద్దుకు రక్షణ మాత్రం టికెట్లు తీసుకున్న రోజు నుంచి కావాలి. పాలసీ ప్రారంభ తేదీని మొదటి ప్రయాణపు రోజుకు పెట్టుకుంటే, అంతకుముందు నెలల్లో కాలు విరిగి ప్రయాణం మానుకున్నా పైసా రాదు. అలాగే ఈ ఏడాది పాలసీ నడుస్తుండగా కొన్న టికెట్‌తో వచ్చే ఏడాది పాలసీ కాలంలో ప్రయాణం చేసేవారు, మధ్యలో ఒక్కరోజు కూడా ఖాళీ రాకుండా పునరుద్ధరించుకోవాలి. కంపెనీ మారితే, పాత టికెట్లకు సంబంధించిన రద్దును కొత్త కంపెనీ భరిస్తుందో లేదో రాతపూర్వకంగా అడిగాకే మారాలి.

పెద్ద మొత్తాల క్లెయిములు ఎక్కువగా బెడిసికొట్టేది ఆరోగ్య వివరాల దగ్గర. బీమా ఒప్పందం అత్యంత విశ్వాస సూత్రం మీద, అంటే ముఖ్యమైనదేదీ దాచకుండా చెప్పాలన్న నియమం మీద నిలబడినదని వాణిజ్యశాస్త్ర పుస్తకాల్లో చదువుకున్నదే. ఏడాది పాలసీలో ఆ విశ్వాసం ఒకసారి ఫారం నింపడంతో తీరిపోదు. ఒకరు సంవత్సరారంభంలో పాలసీ తీసుకున్నారనుకుందాం. రక్తపోటు ఉందని, మాత్ర వేసుకుంటున్నానని నిజాయతీగానే రాశారు. ఆరు నెలలకు డాక్టరు ఆ మాత్రను 5 మిల్లీగ్రాముల నుంచి 10కి పెంచి, గుండె పరీక్ష ఒకటి చేయించుకోమన్నారు. పరీక్ష తరువాత చూసుకుందామని ఆయన విమానమెక్కారు, అక్కడ గుండెపోటు వచ్చింది. ఆసుపత్రి బిల్లు అందగానే కంపెనీ చేసే మొదటి పని, స్వస్థలంలోని డాక్టరు దగ్గర ఉన్న రికార్డును తెప్పించుకోవడం. ఆ చీటీ బయటపడుతుంది. ఆరోగ్యంలో వచ్చిన మార్పును తదుపరి ప్రయాణానికి ముందో, తదుపరి టికెట్ కొనేముందో తెలపాలనే షరతు పాలసీలో ఉంటే, ఇక వాదించడానికి పెద్దగా మిగలదు. మాత్ర మారినప్పుడు, కొత్త పరీక్ష రాసినప్పుడు, ఆసుపత్రిలో చేరినప్పుడు నాలుగు వాక్యాల ఈమెయిల్ పంపి, జవాబును దాచుకోవాలి. అదనపు ప్రీమియం అడగవచ్చు, కాదనవచ్చు. ఏదైనా విదేశీ ఆసుపత్రి మంచం మీద కాకుండా ఇంట్లో ఉండగా తెలియడం నయం.

‘ముందు నుంచి ఉన్న జబ్బు’ నిర్వచనంలో ఎంత కాలం వెనక్కి చూస్తారో కూడా గమనించాలి. కొన్ని కంపెనీలు గడచిన కొద్ది నెలలనే లెక్కలోకి తీసుకుంటాయి, కొన్ని సంవత్సరాలను, కొన్ని జీవితకాలాన్ని. ప్రయాణం చేయని బంధువు జబ్బు కూడా ఇందులోకి రావచ్చు: తల్లిదండ్రుల్లో ఒకరికి చాలాకాలంగా ఉన్న వ్యాధి ముదిరినందున ప్రయాణం మానుకుంటే, ఆ రద్దును భరించని పాలసీలున్నాయి. ఇంట్లో వృద్ధులున్నవారికి నా దృష్టిలో సామాను పరిహారం కన్నా ఈ నిబంధన చాలా ముఖ్యమైనది.

విదేశాల్లో వైద్యానికీ, రోగిని స్వదేశానికి తరలించడానికీ ఉన్న మొత్తాలను విడివిడిగా చూడండి. యూరప్‌లోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసాకు వైద్యం, తరలింపులతో కలిపి కనీసం 30,000 యూరోల బీమా కావాలన్నది నిబంధన. అది వీసా అధికారికి కావలసిన కనీసం మాత్రమే. ఐసీయూలో కొన్నాళ్లు గడిపి, వైద్య బృందంతో విమానంలో తిరిగి రావలసి వస్తే ఆ మొత్తం చాలదు. అమెరికాలో వైద్యం ఖరీదు వల్ల చాలా పాలసీలు ‘అమెరికా, కెనడా మినహా ప్రపంచమంతా’ అని ఒక తరగతిని చౌకగా అమ్ముతాయి. ఏడాదిలో ఒక్కసారైనా అక్కడికి వెళ్లే అవకాశం ఉన్నవారు, అక్కడ విమానం మారడమే అయినా సరే, ఈ తరగతి తమకు సరిపోతుందో లేదో అడిగి తెలుసుకోవాలి. ఆసుపత్రిలో చేరినప్పుడు 24 గంటల సహాయ కేంద్రానికి ముందుగానో, అది వీలుకాకపోతే వీలైనంత త్వరగానో ఫోన్ చేయాలన్న షరతు దాదాపు అన్నింటిలో ఉంటుంది. కొనక ముందే ఆ నంబరుకు ఒక రాత్రివేళ ఫోన్ చేసి చూడండి. ఎంతసేపటికి మనిషి పలికాడో, ఆసుపత్రికి నేరుగా చెల్లింపు హామీ ఎలా పంపుతారని అడిగితే ఏమి చెప్పాడో, అదంతా ప్రకటనలకన్నా ఎక్కువ చెబుతుంది.

రద్దుకూ అంతరాయానికీ పరిహారం ఇచ్చే కారణాలను పాలసీలు పట్టికగా రాస్తాయి. పట్టికలో లేనిది కారణం కాదు. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిద వల్ల యూరప్ గగనతలం మూతపడి సుమారు లక్ష విమానాలు రద్దయినప్పుడు, బూడిద మేఘం ‘ప్రతికూల వాతావరణం’ కిందికి వస్తుందా రాదా అన్నదాని మీద కంపెనీలు తలొక మాట చెప్పాయి. 2020లో మహమ్మారికి మినహాయింపు ఉన్న పాలసీలు చేతిలో ఉన్నవారికి అదే అనుభవం ఎదురైంది. 2019 సెప్టెంబరు 23న 178 ఏళ్ల బ్రిటిష్ టూర్ సంస్థ థామస్ కుక్ మూతపడింది. విమాన సంస్థో టూర్ సంస్థో దివాలా తీసినప్పుడు కలిగే నష్టం, విడిగా రాసి ఉంటే తప్ప, చాలా పాలసీల్లో చేరదు. వార్తల్లోకి ఎక్కేసిన తుపాను, సమ్మె, యుద్ధం ‘తెలిసిన సంఘటన’ అవుతాయి. ఆ తరువాత కొన్న టికెట్లకు వాటివల్ల కలిగే నష్టం రాదు. ప్రభుత్వం వెళ్లవద్దన్న ప్రాంతానికి వెళ్తే మొత్తం రక్షణే పోవచ్చు.

సాహస క్రీడల విషయం ఎత్తు, లోతు అంకెల్లో ఉంటుంది. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ 5,364 మీటర్ల ఎత్తున, కిలిమంజారో శిఖరం 5,895 మీటర్ల ఎత్తున ఉన్నాయి. పాలసీలో ట్రెక్కింగ్ హద్దు 4,000 మీటర్లని ఉంటే జబ్బుపడితే కిందికి దించే హెలికాప్టర్ ఖర్చు మీదే. అద్దె బైకుకు లైసెన్సు, హెల్మెట్, ఇంజిన్ సామర్థ్యం హద్దు చూసుకోవాలి, మద్యం సంగతి చెప్పనక్కరలేదు.

డబ్బు లెక్కల్లో డిడక్టిబుల్, అంటే నష్టంలో ముందుగా మీరే భరించవలసిన మొత్తం, ఒక్కో సంఘటనకా, ఒక్కో మనిషికా, ఒక్కో విభాగానికా అన్నది చూడండి. ఒకే దొంగతనంలో భార్యాభర్తలిద్దరి సామానూ పోతే అది రెండుసార్లు, నగదుకు విడిగా ఇంకోసారి కోతపడవచ్చు. సామాను మొత్తానికి పెద్ద అంకె ఉన్నా ఒక్కో వస్తువుకు చిన్న హద్దు ఉంటుంది గనుక, ఖరీదైన కెమెరా, ల్యాప్‌టాప్ ఉన్నవారికి ఆ చిన్న అంకే లెక్క.

చివరకు కంపెనీ. పాలసీ అమ్మే పేరు ఒకటి, డబ్బు చెల్లించవలసిన బీమా సంస్థ మరొకటి, క్లెయిములు చూసే సంస్థ ఇంకొకటి కావడం మామూలే. పత్రం మీద బీమా సంస్థ అసలు పేరు పట్టుకుని, నియంత్రణ సంస్థ జాబితాలో దానికి అనుమతి ఉందో లేదో చూడాలి. క్లెయిమ్ పరిష్కార శాతాన్ని మాత్రం నేను అంతగా నమ్మను. వంద క్లెయిములలో 95 చెల్లించిన కంపెనీ ఆ 95లో చిన్న చిన్న ఆలస్యపు పరిహారాలే చెల్లించి, మిగిలిన 5లో గుండె ఆపరేషన్లను తోసిపుచ్చి ఉండవచ్చు. పైగా ఆ శాతం కంపెనీ అమ్మే వాహన, గృహ బీమాలన్నింటికీ కలిపినదీ కావచ్చు. అంతకన్నా పనికొచ్చేవి, కంపెనీల మీద వినియోగదారుల ఫిర్యాదులను విచారించి తేల్చే అంబుడ్స్‌మన్ నిర్ణయాలు. బ్రిటన్‌లో ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ సర్వీస్ తన నిర్ణయాలను బహిరంగంగా ప్రచురిస్తుంది. ప్రయాణ బీమావి ఓ పది చదివితే, కంపెనీలు ఏ మాటను పట్టుకుని తిరస్కరిస్తాయో, ఎక్కడ ఓడిపోతాయో తెలిసిపోతుంది. మీకు వర్తించే నిర్దిష్ట సందేహాలు రెండు మూడు ఈమెయిల్‌లో అడగండి. ‘పాలసీ నిబంధనలకు లోబడి’ అని తప్పించుకునే జవాబు ఒకటి, నిబంధన సంఖ్యతో సహా వచ్చే జవాబు ఒకటి. రెండో రకం ఇచ్చినవారికి కొంత ఎక్కువ ప్రీమియమైనా నేను కడతాను.

పత్రం చేతికి వచ్చాక వెనక్కి ఇచ్చేయడానికి చాలా చోట్ల కొద్ది రోజుల గడువు ఉంటుంది. ఆ రోజుల్లోనే పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉందో లేదో, పుట్టిన తేదీ, ప్రారంభ తేదీ, ప్రాంతం, ఆరోగ్య వివరాలు మీరు చెప్పినట్లే నమోదయ్యాయో లేదో చూసి, తప్పులు దిద్దించుకోండి. ఆపై పాలసీ సంఖ్యనూ సహాయ కేంద్రం నంబరునూ ఫోన్‌లో ఒకచోట, కాగితం మీద మరొకచోట, ఇంట్లో ఉండే ఒకరి దగ్గర ఇంకొకచోట ఉంచండి. ఫోను పోయినప్పుడు కూడా ఆ నంబరు కావలసి వస్తుంది.